అడుగు సగం

మా పేట పేరు నల్లచెరువు.
చెరువేదని అడక్కండి.
దాని మీదే చాపలేసుకుని పడుకుంటున్నాం మేమంతా.

పగిలిన సింటెక్స్ ట్యాంకుని
ఖాజావలి రంపంతో అడ్డంగా కోసిచ్చాడు.
పై సగం వాళ్ల మేకలకి కుడితి తొట్టి,
అడుగు సగం నాకు.
జామచెట్టు పక్కన గొయ్యి తీసి
మెడ దాకా పాతిపెట్టాను.
"తాగడానికే నీళ్లు లేవంటే
నీళ్లకి ఇల్లు కడతావేంటే" అంది మా ఆడపడుచు.
నేనేం మాట్లాడలేదు.
కుళాయి వచ్చినప్పుడల్లా ఆఖరి బిందె దానికి పోశాను.
నందివెలుగు రోడ్డు పక్క కాలవలోంచి
మా తమ్ముడు పీక్కొచ్చిన కలువ దుంప
అడుగున బురదలో గుచ్చాను.

మొదట వచ్చింది ఎవరనుకున్నారు?
దోమ.
దోమ వెనకే మలేరియా ఆఫీసు ఏసురత్నం.
మూత పెట్టమని కేకలేసి వెళ్లినవాడే
మర్నాడు పాలిథిన్ కవర్లో
ఇరవై గంబూసియా పిల్లల్ని తెచ్చి వదిలి,
రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు.
ఇరవై ప్రాణాలకి సంతకం!
రేషను కొట్లో వేలిముద్ర తప్ప
నన్నేదీ అడగలేదు ఇన్నాళ్లూ ఎవరూ.

తర్వాత నేనెవర్నీ పిలవలేదు.

తూనీగ వచ్చింది, పండుమిరప రంగుది.
యార్డులో టిక్కీలకు టిక్కీలు చూస్తాను ఆ ఎరుపు,
ఎరుపంటే కళ్లు మండాలి.
ఇది మండలేదు.
మిట్టమధ్యాహ్నం కలువ మొగ్గ కొనమీద వాలి
తోక నిట్టనిలువుగా సూర్యుడికేసి లేపింది,
తన నీడలో తానే నిలబడినట్టు.

కప్ప ఎటు నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు,
చుట్టూ సిమెంటు గోడలే కదా.
ఒక రాత్రి, వాన వాసనైనా రాకముందే, అందుకుంది.
మా ఆయన ఉలిక్కిపడి లేచి
"పక్కవాళ్ల మోటారు కాలిపోతున్నట్టుందే" అన్నాడు.
నవ్వాగక దుప్పటి నోట్లో కుక్కుకున్నా.

లకుముకి పిట్ట మాత్రం దొంగ.
కేబుల్ తీగ మీద కూచుని లెక్క చూస్తుంది
కమీషన్ కొట్టు గుమాస్తాలా,
మెడ వాల్చి, ఒంటికన్నుతో.
బుడుంగుమని ఒక్క మునక,
ఇరవైలో ఒకటి తరుగు.
తరుగు తియ్యని కాటా ఈ ఊళ్లో ఎక్కడుందిలే.
ఇదైతే నయం, తీసింది కళ్లముందే మింగుతుంది.

ఓ ఆదివారం నీరుకట్టె పాము.
పుల్లమ్మత్త కర్ర తెచ్చేలోగా
తొట్టి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి,
నీళ్లలో తల పెట్టి చూసి,
గోడ కన్నంలోంచి వెళ్లిపోయింది.
పాత చిరునామా పట్టుకుని వచ్చి
ఇంతేనా మిగిలింది అని చూసిపోయినట్టు.

నేను ఆరింటికి వస్తాను.
పొద్దుట్నించీ తొడిమలు తీసిన చేతులు,
వేళ్ల సందుల్లో నిప్పులు.
ఎదురుగా చల్లగా నీళ్లు.
మోచేతుల దాకా ముంచెయ్యాలనిపిస్తుంది.
ముంచను.
మొదటి వారంలో ఒకసారి ముంచాను.
చేపపిల్లలన్నీ చెల్లాచెదురై
అవతలి అంచుకి అతుక్కుపోయాయి.
నా ఒంటి మంట వాటికెందుకు?

ఇప్పుడు ముందు కొబ్బరినూనె,
పైన శనగపిండి,
పుల్లమజ్జిగతో రెండుసార్లు కడుగుడు.
చీర చెంగుకి తుడుచుకుని
అప్పుడు, ఒక్క చూపుడువేలు.

అన్నిట్లోకీ బక్కది ముందొస్తుంది.
గిల్లీ గిల్లనట్టు పొడిచి చూస్తుంది,
ఘాటు ఇంకా ఉందేమోనని.
వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది.
ఆ తర్వాత మిగతావి,
వేలి చుట్టూ నీళ్లు చక్కిలిగిలిగా.

చీకటి పడుతుంది.
కలువ ఇంకా పూర్తిగా విప్పుకోలేదు.
"టీ పెట్టవా" అని లోపల్నించి కేక.

ఉండయ్యా, అంటాను,
చేతులు ఖాళీ లేవు.